మరుగుదొడ్డిని మందిరమని రాసిన తనిఖీ గురించి

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి కింది అంతస్తులో కట్టుచున్న మరుగుదొడ్డిని తనిఖీలో 'అనుమతి లేని ప్రార్థనా మందిరం'గా నమోదు చేసి పని ఆపించుట గురించి.

ఊరూరా వాక్యం చెప్పుకొని తిరిగే సువార్తికుడు జయరాజు విన్నవించుకొనునది:

1. నా భార్య ఉషారాణి జారిపడగా సూర్యాపేట దవాఖానలో తుంటికి ఆపరేషన్ అయినది. మెట్లు ఎక్కరాదని డాక్టరమ్మ చెప్పినారు. మా ఇంటి మరుగుదొడ్డి మేడ మీద ఉన్నది. కావున కింద ఒకటి కట్టుకొనుటకు తమ ఆఫీసులోనే అనుమతి పొంది పని మొదలుపెట్టితిని.

2. మా సంఘంలో గేదెల కొట్టానికైనా ప్రార్థన చేసి పునాదిరాయి వేయుట ఆచారం. దీనికీ వేసితిమి. రాయి మీద సిలువ, దాని కింద 'దేవుని మహిమార్థము' అని చెక్కించితిమి. తనిఖీకి వచ్చిన సారు గోడలు కొలవలేదు, రాయి చదివినారు. "మరుగుదొడ్డి పేరు చెప్పి చర్చి లేపుతున్నవా పాస్టరూ" అన్నారు.

3. రెండో తనిఖీకి వేరే సారు వచ్చినారు. చేతిలోని కాగితంలో మందిరమని ఉన్నందున బూట్లు బయట విప్పి లోపలికి పోయినారు. కమోడ్‌ను కళ్లారా చూసినారు. అయినా రిపోర్టు మార్చలేదు. "మొదలు వచ్చిన పై సారు రాసింది నేనెట్ల కొట్టేస్త" అన్నారు. భక్తి గలవారు, కానీ భక్తి అంతా కాగితం మీదనే.

4. పని ఆపుమని తమ ఆఫీసు ఇచ్చిన నోటీసులో అడిగిన వాటికి జవాబులు: ఒక్కసారికి కూర్చునేది ఒక్కరే. మైకు లేదు. వాహనాలు నిలిపే జాగా అవసరం పడదు. పండుగ రోజుల్లో రద్దీ ఉంటది, అది మా చుట్టాలతో.

5. ఇరుగుపొరుగు సమ్మతి తెమ్మన్నారు. పక్కింటి దామోదర్‌ను అడిగితిని. "మందిరమైతే సంతకం పెడతనే అన్నా. బాత్రూమైతే మా వంటింటి కిటికీ పక్కన ఒద్దు" అన్నాడు. ఇగ నేను ఏ మాట చెప్పి సంతకం అడగాలె?

6. ప్రస్తుతం మా సంఘం యువకులు నలుగురు ఉషారాణిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మేడ మీదికి మోస్తున్నారు. వాళ్లు మిల్లు పనికి పోతారని ఆమె పొద్దున లేచి మంచినీళ్లు తాగుట మానుకున్నది. బైబిలు లేఖనంలోనూ ఒక రోగిని నలుగురు మోసినారు. ఇంటికప్పు విప్పి అతన్ని యేసు ముందరికి దించినారు. ఆ కప్పుకు ఎవరూ నోటీసు ఇవ్వలేదు.

న్యాయం కోసం పదే పదే న్యాయాధిపతి వాకిటికి పోయిన విధవరాలి సంగతి కూడా అందులోనే ఉన్నది. ఆయన దేవునికి భయపడనివాడు. తమరిని ఆయనతో పోల్చుట లేదు. పదే పదే వచ్చేది మాత్రం నేనే.

కావున మరుగుదొడ్డిని మరుగుదొడ్డి అని రాయగల అధికారిని పంపి, తలుపు బిగించుకొనుటకు సెలవిప్పించి, నీళ్లు తాగ భయపడుచున్న ఒక ఆడమనిషి బాధను చిత్తగించవలెను.

తమ ఆఫీసు బెంచీ మీద రోజూ కనపడే
తమ విధేయుడు,
జయరాజు

తా.క.: అర్జీ మడుస్తుంటే ఉషారాణి పిలిచింది. సంఘం పిలగాండ్లు మిల్లుకు పోయిన్రు, కుర్చీ మోసేటోళ్లు లేరు. "నోటీసు సంగతి నువ్వు సూసుకో, నన్ను కింద దాంట్లకే తీస్కపో" అన్నది. తీస్కపోయిన. తలుపు లేదు గనక దుప్పటి కట్టిన. ఆమె బయటికొచ్చి పెద్ద చెంబు నిండా నీళ్లు తాగింది. ఇగ ఆపేది లేదు సారూ. కూలగొట్టనీకి మీవాళ్లు వస్తే రానీయండి. జర బయట నిలబడి దగ్గి రమ్మనండి.