బెల్టు కూత, నా నోటి కూత

శనివారం, మధ్యాహ్నం

చిన్నోడికి,

నీ వదిన దీవెనలు. దీవించే ముఖం నాకు లేదని తెలుసు, అయినా ఉత్తరం మొదలుపెట్టడానికి ఇంకో మాట దొరకలేదు. మీ అన్న, నేను, పాప క్షేమం. నీ ఒంట్లో బాగుందని తలుస్తాను.

పాపకి పై పన్ను ఊడింది. బాబాయికి చూపించాలని అగ్గిపెట్టెలో దాచిపెట్టింది. బాబాయి ఎప్పుడొస్తాడని అడిగినప్పుడల్లా, పని ఉందమ్మా అని తప్పించుకుంటున్నాను.

ఇక ట్రాక్టరు సంగతి. నువ్వు వెళ్ళాక కూడా ఆ బెల్టు కూత ఆగలేదు. పొద్దున్నే స్టార్టు చేయగానే కీచుమని ఎత్తుకునేది. లైట్లు వేస్తే ఇంకా పెరిగేది. ఎదురింటి టైలరు మిషను ఆపి మరీ చెవులు మూసుకునేవాడు. మీ అన్న బెల్టుకి సబ్బు రాశాడు. కాసేపు ఊరుకుని మళ్ళీ మొదలెట్టింది. బిగించి చూశాడు, లాభం లేకపోయింది. బుధవారం దున్నుతుండగా బెల్టు తెగింది. ఫ్యాను, నీళ్ళ పంపు కూడా దాని మీదే తిరుగుతాయి కదా, రేడియేటరు కుతకుతలాడిపోయింది. ఆయన వెంటనే ఆపబట్టి ఇంజను దక్కింది.

కొత్త బెల్టు వేశాం. అదీ కూసింది. అప్పుడు మీ అన్న నావైపు తిరిగి, చిన్నోడు చెడగొట్టాడన్నావు కదా, ఏం చెడగొట్టాడో చూపించు అన్నాడు.

నువ్వు నేర్పిన పద్ధతిలోనే చూశాను. ఇంజను ఆపి బెల్టుని మధ్యలో బొటనవేలితో నొక్కితే బిగువు సరిగానే ఉంది. స్టార్టు చేసి, దూరంగా నిలబడి కాసిన్ని నీళ్ళు చిలకరించాను. కూత ఆగింది, తడి ఆరగానే మళ్ళీ వచ్చింది. బెల్టు వదులైతే నీళ్ళకి ఇంకా అరుస్తుంది, పుల్లీలు వరస తప్పితే కాసేపు నోరు మూసుకుంటుంది అని నువ్వే చెప్పావు. తెగిన బెల్టు తిరగేసి చూస్తే ఒక పక్కే అద్దంలా నున్నగా అరిగి ఉంది. ఇంజను ఆపి, పుల్లీల ముఖాలకి తిన్నని ఇనప బద్ద ఆనించాను. మిగతావాటికి ఆనింది, ఆల్టర్నేటర్ పుల్లీ దగ్గర మాత్రం సందు కనబడింది. బోల్టు విప్పితే, ఆల్టర్నేటర్‌కీ బ్రాకెట్టుకీ మధ్య ఉండాల్సిన మందపాటి వాషరు లేదు.

బ్యాటరీ ఛార్జింగు అవడం లేదని ఆల్టర్నేటర్ విప్పి ఎలక్ట్రీషియన్ దగ్గరికి పట్టుకెళ్ళింది నేను. తెచ్చి బిగించిందీ నేనే. ఆ మర్నాడే నీ వంతు వచ్చి నువ్వు ట్రాక్టరు తీసుకెళ్ళావు. సాయంత్రం తెచ్చి, వదినా, బెల్టు అరుస్తోంది, పుల్లీ వరస ఒకసారి చూద్దామా అన్నావు. అంతే. వాటాలు పంచుకున్న దగ్గర్నుంచీ నీ కడుపులో కక్ష ఉందని, కావాలనే చెడగొట్టావని, టైలరూ పాలమనిషీ వీధి పంపు దగ్గరి ఆడవాళ్ళూ అందరూ వింటుండగా నోరు పారేసుకున్నాను. నువ్వు తాళంచెవి మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయావు. మీ అన్న నా మాట నమ్మి నీతో మాట్లాడటం మానేశాడు. నువ్వు క్వారీలో లారీ పని కుదుర్చుకున్నావని ఎవరో చెబితే విన్నాం.

వాషరు ఎక్కడో జారిపోయి ఉంటుంది, నేను చూసుకోలేదు. లేత్ షాపులో కొత్తది చేయించి వేశాను. పుల్లీలన్నీ ఒక వరసలోకి వచ్చాయి. స్టార్టు చేస్తే ఇంజను మోత తప్ప ఇంకేమీ లేదు. మీ అన్న నా ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

నా చేతికి పానా ఇచ్చింది నువ్వు. ఆడది బండి విప్పుతుందా అని వీధి నవ్వితే, మా వదిన విప్పుతుంది, మీరు తోయడానికి రండి అన్నది నువ్వు. అలాంటి నిన్ను పట్టుకుని అన్న మాటలు తలుచుకుంటే అన్నం సహించడం లేదు. పొరపాటుపడ్డాను. వదినని మన్నించి ఇంటికి రా.

నీ రాకకై చూస్తూ,
వదిన

తా.క. పైన రాసిందంతా మీ అన్నకి చదివి వినిపించాను. బాగా రాశావు అన్నాడు. బండి దగ్గరికి వెళ్ళి చూసొచ్చి, కొత్త వాషరు అన్నావు, అది తుప్పు పట్టి ఉందేమిటి అన్నాడు.

చిన్నోడా, నేను లేత్ షాపుకి వెళ్ళలేదు. అది పాత వాషరే. నువ్వు ట్రాక్టరు తీసుకెళ్ళిన రోజు షెడ్డు ఊడుస్తుంటే దొరికింది. నువ్వు వరస చూద్దామా అని అడిగేటప్పటికి అది నా పిడికిట్లో ఉంది. అప్పుడు విప్పితే తప్పు నాదని వీధంతా తెలిసిపోతుందని, ఇక నన్ను పానా ముట్టనివ్వరని భయమేసింది. పిడికిలి విప్పలేక నోరు విప్పాను. ఆ తర్వాత బెల్టుని కూస్తూనే ఉండనిచ్చాను, అది ఆగితే నా అబద్ధం బయటపడుతుందని. నీళ్ళు చల్లడం, బద్ద ఆనించడం మీ అన్న ఎదుట ఆడిన నాటకం. పొరపాటు కాదు, తెలిసే చేశాను. ఆయన అడక్కపోతే ఈ ముక్క రాసేదాన్నో కాదో నాకే తెలీదు.

ఆయన చొక్కా వేసుకుని, ఉత్తరం పోస్టులో వెయ్యకు, నేనే పట్టుకెళ్తాను, నాదీ తప్పే, నిజమా కాదా అని వాణ్ణి ఒక్క మాట అడగలేదు అన్నాడు. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన బస్సెక్కాక నేను పంపు దగ్గరికి వెళ్తాను. నీళ్ళు వచ్చే వేళ, అందరూ ఉంటారు. వాళ్ళకి చెబుతాను.