ఏటి చేపల జత

ప్రియమైన అమ్మాయికి,

నీ ఉత్తరం చేరింది. వంతెన కొలతలు తీస్తూ రోజంతా ఎండలో నిలబడుతున్నానని రాశావు. తలకి ఏదైనా కట్టుకోమ్మా, నీ తలనొప్పి సంగతి నాకు తెలియనిదా?

ఒక చెడ్డ కబురు. మీ పెళ్ళయిన కొత్తలో మా అబ్బాయి తెచ్చిన చేపల జతలో మగది చచ్చిపోయింది. నీకు చెప్పడానికి నోరు రాక, కిందటి ఉత్తరంలో దాటేశాను. ఆడది బోర్లించిన మట్టికుండీలోంచి బయటికి రాదు, తిండి వేస్తే మొహం తిప్పుకుంటుంది. గడియారాలు విప్పి బిగించేవాణ్ణి, చేప అలక తీర్చడం నాకేం వచ్చు? వాడు కొన్న షాపుకే వెళ్ళాను.

షాపావిడ నన్ను ఎగాదిగా చూసి, "నీళ్ళెప్పుడు మార్చారు, గడియారాలాయనా?" అంది. నీళ్ళు మార్చాలా అన్నాను. "ఇవి ఆఫ్రికా ఏరుల్లో పుట్టే చేపలండీ. ఆకులు రాలి నీళ్ళు డికాషన్‌లా ఉన్నా శుభ్రంగా ఉంటాయక్కడ. మీరు తొట్టిని మురుక్కాలవ చేసి, చేప అలిగిందంటారా!" అని దులిపేసింది. సాయంత్రం తనే వచ్చి తొట్టి శుభ్రం చేసి వెళ్ళింది. చేప రెండు మెతుకులు కొరికింది. కంగారుపడకు.

నీ మామయ్య

---

ప్రియమైన మామయ్యకు,

చేప సంగతి చదివి కాసేపు పని చెయ్యబుద్ధి కాలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ఆ తొట్టి ముందు కూర్చునేవారు. ఇంకో మగచేప తేవాలేమో కనుక్కోండి. తేవద్దంటే వద్దు. మీ ఇష్టం.

ఇక్కడ రెండో స్తంభం లేచింది. కొత్తగా ఒక ఇంజనీరు వచ్చాడు, మంచివాడు. నా లెక్కలు మళ్ళీ చూడకుండానే సంతకం పెట్టేస్తున్నాడు, అదే భయం.

మీ చొక్కా గుండీలు ఎవరు కుడుతున్నారు? కుట్టించుకోండి, పిన్నీసులు పెట్టుకుని తిరక్కండి.

మీ కోడలు

---

ప్రియమైన అమ్మాయికి,

మగచేప వచ్చింది. షాపావిడే సంచిలో నీళ్ళు పోసి తెచ్చింది. "ఒక్కసారిగా వదిలితే ఆడది చంపినా చంపుతుంది, ఇల్లు తనదనుకుంటోంది మరి" అని మధ్యలో గాజు అద్దం అడ్డుపెట్టింది. నాలుగు రోజులు మన చేప ఆ అద్దాన్ని ముక్కుతో పొడుస్తూనే ఉంది. అద్దం తీసేశాక చూద్దును కదా, పొట్ట దానిమ్మ గింజలా ఎర్రబడింది! ఒళ్ళు విల్లులా వంచి, మగదాని ముందు వణుకుతూ నిలబడుతుంది. వెంటపడేది ఆడదేనమ్మా. "దీనికి సిగ్గులేదేంటండీ?" అన్నాను. "సిగ్గుపడి కూర్చుంటే వంశం నిలబడుతుందా?" అంది ఆవిడ.

ఇప్పుడు కుండీలోంచి పిల్లలొచ్చాయి, రంపపు పొట్టు అంత. తల్లి లోపల చూసుకుంటుంది, తండ్రి బయట కాపలా. నేను వేలు పెడితే చాలు, తల్లి రెక్క ఒక్కటి విదిలిస్తుంది, పిల్లలన్నీ ఇసకకి అతుక్కుపోతాయి. ఒక్కటి కదలదు.

ఒంటరిగా ఉండటం ఎవరికీ మంచిది కాదమ్మా. ఆ చేపే ఒంటరిగా ఉండలేనప్పుడు మనుషుల మాట చెప్పాలా? నీకొక విషయం రాయాలనుంది. కలం కదలడం లేదు. ఇంకోసారి రాస్తాను.

నీ మామయ్య

---

మామయ్యకు,

చేపల కథ చదివాను. పొట్ట ఎర్రబడటం, అద్దం, కొత్త మగచేప, అన్నీ అర్థమయ్యాయి. నేను చిన్నపిల్లను కాను.

ఇంజనీరు గురించి ఒక్క ముక్క రాసినందుకు ఇంత దూరం ఆలోచిస్తారనుకోలేదు. ఆయనకి పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు. పెళ్ళి కాకపోయినా నా జవాబు అదే. నాకు మళ్ళీ పెళ్ళి వద్దు. నన్ను ఎవరికో అప్పజెప్పి చేతులు దులుపుకోవాలని మీకుంటే సూటిగా చెప్పండి, చేపల్ని మధ్యలో పెట్టకండి.

కోపంగా రాశాను. చింపేద్దామనుకుని మళ్ళీ పోస్టు చేస్తున్నాను.

కోడలు

---

ప్రియమైన అమ్మాయికి,

నువ్వు బంగారం. నేనే తెలివితక్కువవాణ్ణి.

నేను నీ గురించి రాయలేదమ్మా. నా గురించి రాయబోయి మింగేశాను.

షాపావిడ రోజూ సాయంత్రం తొట్టి చూడటానికి వస్తోంది. తమ్ముళ్ళని పెంచి పెద్దచేయడంలో ఆవిడకి పెళ్ళి వయసు దాటిపోయింది. మీ అత్తయ్య పోయి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసు, నువ్వు కాపురానికి రాకముందు మాట. సాయంత్రం షాపావిడ వెళ్ళిపోయాక ఇల్లు మరీ పెద్దగా కనిపిస్తోంది. మొన్న ఆవిడే అడిగింది, "ఇలా వచ్చి పోతూ ఉండే కన్నా, పెళ్ళి చేసుకుని ఒక చోట ఉందామా?" అని. "మా కోడల్ని అడగాలి" అన్నాను. "తప్పకుండా అడగండి. ఆ అమ్మాయి వద్దంటే నేను రేపట్నించి మళ్ళీ షాపావిణ్ణే" అంది.

వాడు పోయాక నాకున్నది నువ్వొక్కదానివే. నీకు కష్టమైతే ఈ మాట ఇక్కడితో సరి. నీ మీద ఒట్టు, మళ్ళీ ఎత్తను.

నీ మామయ్య

---

ప్రియమైన మామయ్యకు,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ఎంత హడలిపోయి ఉంటారో ఊహించగలను. మీ ఉత్తరం చదివి మొదట నవ్వాను, తర్వాత ఏడ్చాను. ఆ ఇంట్లో ఆయన పేరు రోజూ వినిపిస్తుంది. ఆయన కుర్చీలో ఎవరూ కూర్చోరు. కొత్త మనిషి వస్తే అవన్నీ మెల్లగా సర్దేస్తుందేమో, నేను చుట్టపుచూపుగా వచ్చి పోవాలేమో అని భయమేసింది.

అందుకే సెలవు పెట్టి, మీకు చెప్పకుండా మన ఊరొచ్చాను. ఇంటికి రాకుండా సరాసరి షాపుకే వెళ్ళాను. కోప్పడకండి.

కొనడానికొచ్చినట్టు నటించి ఆ ఎర్రపొట్ట చేపలు చూపించమన్నాను. "తొట్టి ఉందా?" అంది. లేదన్నాను. "ముందు తొట్టి కొని, నీళ్ళు కుదురుకున్నాక రండి. అప్పుడిస్తాను. చేపలు పువ్వులు కావమ్మా, చేతిలో పట్టుకెళ్ళడానికి" అంది. ఆవిడ నా మొహం చూసి, ఎత్తైన స్టూలు దుమ్ము దులిపి జరిపి, "కూర్చోమ్మా. మీ పెళ్ళి ఫోటోలో జుట్టు ఇంకా పొడుగుంది" అంది. దొంగ దొరికిపోయింది.

ఆయన గురించి నేను అడగకుండానే చెప్పింది. చేపలు కొన్న మర్నాడే పరుగెత్తుకొచ్చారట, ఆడచేప మాయమైందని. కుండీ ఎత్తి చూడమని పంపిందట. రెండ్రోజులకి మళ్ళీ వచ్చారట, "ఈసారి మగది కనిపించట్లేదండీ, మా ఆవిడకి చెప్పకండి, ఇంట్లో చేపని పారేసుకున్నవాణ్ణని ఏడాది నవ్వుతుంది" అని. అలా నాలుగుసార్లు! నాకు మాత్రం చేపలు తన మాట వింటాయని కోతలు కోసేవారు. ఆ స్టూలు మీదే కూర్చుని బిక్కమొహం వేసేవారట. ఆవిడ ఆ మొహం పెట్టి చూపించింది. అచ్చం ఆయనే. ఇద్దరం కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆయన పోయాక ఆయన గురించి నవ్వడం నాకదే మొదటిసారి, మామయ్యా. ఆయన సంగతి నాకు తెలియనిది ఒకటి ఇంకా ఉందని, అది చెప్పే మనిషి ఉందని నేననుకోలేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో మీ తరఫున సాక్షి సంతకం నేను పెడతాను. ఇంకెవర్నీ అడగకండి. తేదీ ఆవిడా నేనూ అప్పుడే ఖాయం చేసేశాం, మిమ్మల్ని అడగడం మర్చిపోయాం.

ప్రేమతో,
మీ కోడలు