నాన్న విన్న కామెంట్లు

ఆదివారం రాత్రి, వట్లూరు హాస్టల్.

రేపు క్లాసుకి ఏ మొహం పెట్టుకుని వెళ్లాలో తెలియడం లేదు.

మధ్యాహ్నం కొల్లేటికోట నుంచి నాన్న క్యారేజీలో చేపల పులుసు తెచ్చాడు. కూర్చోగానే, "మన వీడియోకి ఏం రాశారో చదవమ్మా" అన్నాడు. నాన్నకు చదువు రాదు.

చేపల చెరువులో పడవ మీద తిరుగుతూ, చేపలు తినడానికి చిల్లులు పెట్టిన మేత సంచులను నీళ్లలో పాతిన గెడలకు కడుతున్న నాన్నను మొన్న సెలవుల్లో నేనే వీడియో తీశాను. గొప్పగా అనిపించి క్లాసు గ్రూపులో పెట్టాను. వానలకు మా ఊరి దారి మునిగినప్పుడు, ఆ గ్రూపులో వాళ్లు పంపిన పాఠాలు చదివే పరీక్ష గట్టెక్కాను. ఇప్పుడు వాళ్లే, "ఫోన్ ముట్టుకుంటే చేపల కంపు" అని రాశారు.

"మీ నాన్నగారు ఎంత కష్టపడుతున్నారో అని రాశారు నాన్నా" అన్నాను.

"ఇదెవరో చాలా పెద్దగా రాశారే. అదీ చదువు."

అన్నిటికంటే ఘోరమైనది అదే. దాన్నే చూస్తూ నోటికొచ్చిన మంచి మాటలన్నీ చెప్పాను. నాన్న కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంత మంచిగా రాస్తే ఊరుకోవడం బాగోదమ్మా" అంటూ ఫోన్ లాక్కుని, నేను ఆపేలోపే మైకు బొమ్మ నొక్కి మాట్లాడేశాడు. "అందరికీ నమస్కారమండీ. ఓసారి మా ఇంటికి రండి. చేపల పులుసు పెడతాం."

వెంటనే వరసగా నవ్వే బొమ్మలు వచ్చాయి. వాటిని చూడటానికి చదువు అక్కర్లేదు.

"అదిగో, అందరూ ఎలా నవ్వుతున్నారో చూడమ్మా" అని నాన్న కూడా నవ్వాడు.