ఘాట్ మీద సైకిల్ దిగిందెవరు

హైదరాబాద్,
అక్టోబర్ 21.

ప్రియమైన గిరీశ్‌కు,

నువ్వు పంపిన జహీరాబాద్ దారి కాగితాలు చేరాయి. రెండుసార్లు చదివి మెచ్చుకున్నాను. మూడోసారి చదువుతుంటే అనుమానం వచ్చింది. ఫోన్‌లో అడుగుదామంటే సైకిల్ దుకాణంలో గిరాకీ ఉందంటావు, సిగ్నల్ లేదంటావు. కాగితం మీద సిగ్నల్ పోదు కాబట్టి మన పాత పద్ధతికే దిగాను.

ముందు మంచి మాట చెప్తాను. చిరాగ్‌పల్లి దాటాక హైవే వదిలేసి, కర్ణాటకలోకి మళ్ళి, ఎర్రమట్టి గుట్టలెక్కి దిగి, ఝరాసంగం మీదుగా తిరిగి మీ ఊరికి అరవై ఎనిమిది కిలోమీటర్లు. మన సైకిల్ బృందం అచ్చు వేస్తున్న దారుల పుస్తకంలో ఇంత అందమైనది ఇంకొకటి లేదు. డిసెంబర్ రెండో ఆదివారం ముప్పై రెండు మందిమి నీ కాగితాన్ని నమ్ముకుని తొక్కబోతున్నాం.

అందుకే అడుగుతున్నాను. ఈ దారి నువ్వే తొక్కావా?

కోపం తెచ్చుకోకు. పోయిన ఏడు ఇస్సాకు ఎట్లా పడ్డాడో నీకు తెలుసు. ఆ దారి రాసిన పెద్దమనిషి కారులో తిరిగి రాశాడు. కారు కుదుపు లేకుండా దాటిన గుంతలో సైకిల్ చక్రం ఇరుక్కుని, ఇస్సాకు తుంటి విరిగి నాలుగు నెలలు మంచాన పడ్డాడు. తొక్కినవాళ్ళ పేరే అచ్చు వేయాలని, తొక్కకుండా రాసిన దారి తీసేయాలని అప్పుడే తీర్మానించాం. ఆ చూసే పని నా మెడకు చుట్టారు.

నీ కాగితంలో పెద్ద ఘాట్ దగ్గర ఇలా ఉంది: ‘సగం ఎక్కాక దిగి నడిస్తే మంచిది. ఎడమ పక్క బండ నీడలో కాసేపు నిలబడితే ఊపిరి కుదుటపడుతుంది.’ నిన్ను ముప్పై ఏళ్ళుగా ఎరుగుదును. పాలిటెక్నిక్ రోజుల్లో బీదర్ కోట ఎక్కుతూ వాంతి చేసుకున్నావు గాని సైకిల్ దిగలేదు. మరి ఈ ఘాట్ మీద దిగిందెవరు?

ఇంకొకటి. ఆడవాళ్ళు మరుగుదొడ్డి కోసం ఆగగలిగిన చోట్లు నాలుగు రాశావు. ఏ బడి గేటు ఎన్ని గంటల దాకా తీసి ఉంటుందో, ఏ ధాబా దగ్గర ఆగకూడదో కూడా రాశావు. నీ పాత దారుల్లో మిర్చిబజ్జీల బండ్లు తప్ప ఇంకేమీ కనపడేవి కావు.

జవాబు వెంటనే రాయి. రేఖ చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
మదన్‌మోహన్


జహీరాబాద్,
నవంబర్ 2.

ప్రియమైన అనుమానాల పుట్టకు,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తరువాత కొంచెం కష్టమేసింది. పోలీసు ఉద్యోగానికి వెళ్ళాల్సినవాడివి, పొరపాటున బ్యాంకులో చేరావు.

అవును, దిగాను. యాభై దగ్గరపడ్డాక ఘాట్ మీద దిగితే తప్పా? ఊపిరాడక చస్తే నీ పుస్తకంలో నా ఫొటోకి దండ వేయాల్సి వచ్చేది.

మరుగుదొడ్ల సంగతి అడిగావు. పోయినసారి కోహీర్ వైపు వచ్చిన బృందంలో పూజిత అనే అమ్మాయి ఉంది చూడు, మీ సికింద్రాబాద్ పిల్ల. దుకాణం ముందర అందరూ వింటుండగా అడిగింది, ‘‘అంకుల్, మీరు రాసిన దారిల ఆడోళ్ళు పోరా?’’ అని. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందుకే ఈసారి చూసి రాశాను. మంచిపని చేసినా అనుమానమేనా?

దారిలో ప్రతి మలుపూ సరైనదే, నీకు ఆ ఫికర్ వద్దు. పేరు మాత్రం సరిగ్గా వేయించు. గిరీశ్, జహీరాబాద్. ఆ పేజీ పటం కట్టించి దుకాణంలో పెట్టుకుంటాను. కొత్త గేర్ల సైకిళ్ళు అమ్మే వాళ్ళు ఇద్దరు దిగారు మా బజారులో. నా దగ్గరికి జనం ఎందుకు రావాలో ఆ పేజీ చెప్తుంది.

ఫోన్ మాత్రం చేయకు. పగలంతా రేఖ కూడా దుకాణంలోనే ఉంటోంది, మాట్లాడటం కుదరదు.

నీ
గిరీశ్


హైదరాబాద్,
నవంబర్ 9.

ప్రియమైన గిరీశ్‌కు,

నీ జవాబు బాగానే ఉంది. సగం నమ్మాను కూడా. కానీ భార్య పక్కనుంటే స్నేహితుడితో సైకిల్ గురించి మాట్లాడటం ఎందుకు కుదరదు? ఆ ఒక్క వాక్యం నన్ను కూర్చోనివ్వలేదు. మళ్ళీ కాగితాలు తీశాను.

మూడో పేజీలో ఇలా ఉంది: ‘కల్వర్టు కొట్టుకుపోయిందని చేనులో రైతు చెప్పాడు, చింతల పక్క బాటన తిరగాలి.’ ఆ ఊరు సరిహద్దు అవతల. అక్కడ చేనులో మనిషి కన్నడంలోనే చెప్తాడు. పెళ్ళయి ఇరవై మూడేళ్ళయినా అత్తగారింట్లో భోజనమైందని ‘ఊట ఆయ్తు’ అనడం తప్ప ఇంకో ముక్క మాట్లాడలేవు. నీకు ఆ రైతు ఎట్లా చెప్పాడు, నీకు ఎట్లా అర్థమైంది?

ఇక దాచడం ఎందుకు. మంచినీళ్ళు దొరికే ఇల్లు అని చెన్నమ్మ ఫోన్ నంబరు రాశావు కదా, ఆమెకు ఫోన్ చేశాను. ముప్పై రెండు మంది వస్తే నీళ్ళు సరిపోతాయా అని మొదలుపెట్టి, మా గిరీశ్ సార్ సైకిల్ మీద మీ ఇంటికి వస్తుంటాడు కదమ్మా అన్నాను.

‘‘మొగోళ్ళెవ్వరు రాలె సారూ,’’ అంది. ‘‘ఒక అక్క వస్తది సైకిల్ మీద. నీలం టోపీ పెట్టుకుంటది. జర సేపు అరుగు మీద కూసుంటది, నాతోని కన్నడం మాట్లాడుతది, నీళ్ళు తాగి పోతది. మంచామె.’’

పేరు అడిగితే తెలియదంది.

ఎవరు గిరీశ్ ఆమె? ఆదివారాలు దారి చూడటానికి పోతున్నానని ఇంట్లో చెప్పి నువ్వు ఎక్కడుంటున్నావు? కోపం కన్నా భయమేస్తోంది నాకు. రేఖకు తెలుసా?

మదన్‌మోహన్


జహీరాబాద్,
నవంబర్ 17.

మదన్,

నువ్వు అనుకుంటున్నది కాదు. మా అమ్మ మీద ఒట్టు. అంతకన్నా చిన్న సంగతి, చెప్పుకోవడానికి అంతకన్నా సిగ్గుగా ఉంది.

ఆమె ఎవరని అడగకు. దారి నిజం. గుంతలు, మలుపులు, నీళ్ళు అన్నీ నిజం. ఇస్సాకుకు అయినట్టు ఎవరికీ కాదు, ఆ పూచీ నాది. నా పేరుతో అచ్చు వేయించు, ఇంతకు మించి నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు.

రేఖకు ఒక్క ముక్క కూడా తెలియకూడదు. తెలిస్తే ఆమె ముఖం చూడలేను.

గిరీశ్


హైదరాబాద్,
నవంబర్ 21.

గిరీశ్‌కు,

ప్రియమైన అని రాయడానికి చేయి రాలేదు.

దారి నిజమైతే తొక్కినవాళ్ళ పేరు చెప్పడానికి భయమెందుకు? రేఖకు తెలియకూడదు అని రాశావు. ఏ తప్పూ చేయనివాడు ఆ మాట రాస్తాడా? ఆమె ఎవరో నాకు తెలియదు. మంచిదే అయి ఉండవచ్చు. కానీ మీ ఇంట్లో రేఖ చేతి జొన్నరొట్టె తిన్నవాణ్ణి, ఆమెను మోసం చేసేవాడికి వంతపాడలేను.

అచ్చు ఆపించాను. నెలాఖరులోగా నిజం రాయకపోతే జహీరాబాద్ దారి పుస్తకంలోంచి పోతుంది, మేమంతా వేరే వైపు వెళ్తాం. ఆ తరువాత రేఖకు నేనే ఉత్తరం రాస్తాను. ముప్పై ఏళ్ళ స్నేహం ఇక్కడికి వచ్చినందుకు ఏడుపొస్తోంది.

మదన్‌మోహన్


జహీరాబాద్,
నవంబర్ 27.

మదన్ అన్నయ్యకు, చెల్లెలు రేఖ నమస్కరించి రాస్తున్నది.

మీరు నాకు వేరే ఉత్తరం రాయనక్కరలేదు. ఆయనకు రాసినదే పోస్టుమన్ నా చేతికిచ్చాడు. ఆయన సామాను కోసం కోహీర్ వెళ్ళారు. ఆయన లేనప్పుడు దుకాణానికి వచ్చే కాగితాలు విప్పేది నేనే కాబట్టి ఇదీ విప్పాను. చదివి, గల్లా పెట్టె కింద వెతికితే మీ ముందు ఉత్తరాలు రెండూ దొరికాయి. అవి చదవకముందు ఒక గంట సేపు నేనూ మీలాగే అనుకున్నాను. ఆమె ఎవతో తెలిస్తే వెళ్ళి జుట్టు పట్టుకుందామనుకున్నాను. తరువాత చెన్నమ్మ మాటలు చదివాను. ఆ అరుగు నాకు తెలుసు. ఆ నీలం టోపీ మా తమ్ముడిది, నేను తెచ్చుకున్నాను.

ఆ సైకిల్ మీద వెళ్ళేది నేనే అన్నయ్యా.

జూన్‌లో ఆయన దుకాణం మెట్ల మీద పడ్డారు. మోకాలు మెలిపడింది. ఏడాది దాకా సైకిల్ ముట్టుకోవద్దని దవాఖానలో చెప్పారు. మీకిచ్చిన మాట పోతుందని రోజూ బాధపడుతుంటే చూడలేక, నేను పోయి రాసుకొస్తానన్నాను. ‘‘నీతోని అయితదా?’’ అని నవ్వారు. మా పుట్టిల్లు ఆ గుట్టల అవతలే. పదో తరగతి దాకా సైకిల్ మీదే బడికి పోయానని ఆయన మరిచిపోయారు. నేనూ మరిచిపోయాను అనుకోండి. మొదటి ఆదివారం ఘాట్ మీద ఐదుసార్లు దిగాను. పదకొండో ఆదివారానికి ఒక్కసారే దిగాను. మరుగుదొడ్ల సంగతి కష్టపడి తెలుసుకుని రాశాను. ధాబా సంగతి కూడా.

నేను చిత్తు రాస్తే ఆయన శుద్ధంగా రాశారు. ఎవరి పేరుతో పంపారని అడిగాను. ‘‘నీ పేరుతోనే పంపిన, మదన్ శాన ఖుషైండు,’’ అన్నారు. మా అమ్మకు చెప్పాను, అక్కచెల్లెళ్ళకు చెప్పాను. పుస్తకం రాగానే పంపమని మా అమ్మ రెండుసార్లు కబురు పెట్టింది. ఆమెకు చదువు రాదు, నా పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది.

సాయంత్రం ఆయన రాగానే ఉత్తరాలు ముందు పెట్టాను. పుస్తకం వచ్చాక నెమ్మదిగా చెబుదామనుకున్నానన్నారు. తరువాత, ‘‘సైకిల్ దుకాణపోడు సైకిల్ తొక్కలేడని తెలిస్తే ఎవడొస్తడు రేఖా? పేరొక్కటే కదా, మనిద్దరిది ఒకటే ఇల్లు కదా,’’ అన్నారు. ఆయన భయం నాకు తెలుసు. ఆ భయం చెప్పి పేరు అడిగితే ఇచ్చేసేదాన్నేమో. అడగకుండా తీసుకుని, నా ముఖం మీదే అబద్ధం చెప్పారు. నిజం చెప్పాలంటే ఇంకో ఆడమనిషి ఉంటేనే నయమనిపించింది. ఆమెను తిట్టి ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఎవరిని తిట్టను?

మీ మీద కూడా నాకు కోపముంది, చెప్పకుండా ఉండలేను. మా ఇంటికి ఎన్నిసార్లు వచ్చారు మీరు. నాకు కన్నడం వచ్చని తెలుసు, మా పుట్టిల్లు ఎక్కడో తెలుసు. సైకిల్ మీద ఒక ఆడమనిషి, కన్నడం మాట్లాడుతుంది అని తెలిసినప్పుడు ఊళ్ళోని ఆడవాళ్ళందరినీ అనుమానించి ఉంటారు. నేను మాత్రం మీకు తట్టలేదు.

అచ్చు ఆపకండి. దారి మార్చకండి. డిసెంబర్ రెండో ఆదివారం పొద్దున ఆరు గంటలకు బస్టాండు దగ్గర ఉంటాను, ముందర నేనే తొక్కుతాను. చక్రాలకు గాలి ఆయన చూసుకుంటానన్నారు. అన్నం పెడుతున్నాను, మాట్లాడటం లేదు.

కాగితం మీద రేఖ అని వేయించండి. పక్కన మా పుట్టింటి పేరు బిరాదార్ పెట్టాలా, ఆయన ఇంటిపేరు పెట్టాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. తేల్చుకున్నాక నేనే ఫోన్ చేసి చెప్తాను.

ఇట్లు
మీ చెల్లెలు
రేఖ