మిల్లు బూడిద, రాత్రి మంచు

గురువారం, డిసెంబరు 1996

నల్లమచ్చలున్నాయని కొట్టువాళ్లు నా పూతరేకులు మళ్లీ తిప్పి పంపారు. చేతులు కడుక్కోకుండా చేస్తున్నానట!

నిన్న మధ్యాహ్నం ఒక తెల్లగుడ్డ, రాత్రి మంచులో ఇంకొకటి గోడమీద పరిచాను. రెండింటి మీదా రైసుమిల్లు బూడిదే పడింది. మధ్యాహ్నం పడింది ఊదితే పోయింది. మంచుకు తడిసింది మాత్రం గుడ్డను పట్టేసింది, వేలితో రుద్దితే సబ్బులా జారింది. నేను రేకులు తీసేది తెల్లవారుజామున, గాలి చెమ్మగా ఉన్నప్పుడే.

రెండు గుడ్డలూ పట్టుకుని మిల్లు యజమాని వెంకట్రాజుగారి దగ్గరకు వెళ్లాను.

“బూడిదేనండి, దులిపేస్తే పోద్దండి. ఈపాటిదానికి మీరు రావాలాండి?” అని నవ్వారు.

“ఆయ్,” అన్నాడు పక్కనున్న గుమాస్తా.

“అయితే మీ కండువా ఇవ్వండి. రాత్రి మా గోడమీద ఆరేస్తాను. పొద్దున్న దులిపితే పోయిందా, మళ్లీ మీ గుమ్మం తొక్కనండి. పోలేదా, పొగగొట్టానికి జల్లెడ కట్టించాలండి.”

ఈసారి గుమాస్తా నవ్వాడు. ఆయన నవ్వలేదు. మిల్లుకొచ్చిన అందరి ముందూ కాదనలేక కండువా తీసిచ్చారు.

“పెద్దవాళ్లతో మనకెందుకే?” అని ఇంట్లో మా ఆయన గొణుగుతూనే ఉన్నారు.

ఇప్పుడే వెళ్లి గోడమీద ఆరేసిన కండువా చూసి వచ్చాను. గోడ అప్పుడే చెమ్మెక్కింది. మిల్లు ఇంకా ఆడుతోంది. ఆడనీ.