రాని ల్యాప్‌టాప్‌కి సంచి

శ్రీవారికి,

కూర ఫ్రిజ్‌లో ఉంది, వేడి చేసుకోండి. సింకు కింద పైపు కారుతోంది, బకెట్ నిండగానే పారబోయండి. నా ల్యాప్‌టాప్ ఆఫీసుకి తీసుకెళ్తున్నా, వెతక్కండి. మీ పాతదాని మూత నిలబడదు కదా, గోడకి ఆనించుకుని పని చేసుకోండి. బాగు చేయించమంటే "కొత్త మోడల్ వచ్చేస్తోందిగా" అంటారు. రెండేళ్లుగా వస్తూనే ఉంది. ఈసారి చిప్ మారుతుందట, బ్యాటరీ రోజంతా ఆగుతుందట, ఇంకో పావుకిలో బరువు తగ్గుతుందట! గ్యాస్ బండ జరపమంటే నడుం పట్టేసే మనిషికి పావుకిలో కోసం ఇంత తపస్సా? కంపెనీవాడు ఇంకా నోరే విప్పలేదు, మీరప్పుడే దానికి సంచి కొనుక్కొచ్చారు. కొలతలు ఎవరిచ్చారో! నిన్న అది చూసి అత్తయ్య "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అని ఒకటే నవ్వు.

అన్నట్టు, ఆ సామెత మనకి సరిపోదు. ఆలు ఉంది. చూలు కూడా ఉందని పొద్దున్నే తేలింది. సాయంత్రం మా ఆఫీసు దగ్గరికి వచ్చేయండి, డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఈ మోడల్ చెప్పిన నెలకే వస్తుంది. బరువు మాత్రం తగ్గదు, గ్యాస్ బండ ఇక మీరే జరపాలి.