మలుపు దగ్గర కాయలు

జనవరి 20, సోమవారం

పండగ సెలవులు అయిపోయి ఈరోజే బడి తెరిచారు. ఈరోజే నా ప్రాణం పోయి తిరిగొచ్చింది.

నా కుట్టుమిషన్ కిటికీ దగ్గర ఉంటుంది. కిటికీ ముందు రోడ్డు, రోడ్డు అవతల హైస్కూలు. పోయినేడు మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని ఊళ్ళో బడిలోంచి తీసి హైస్కూల్లో కలిపేశారు. అప్పట్నుంచి నాలుగో తరగతి చదివే మా శ్రీరమ్య రోజూ రోడ్డు దాటాలి. దాటేది సరిగ్గా మలుపులో. తుళ్లూరు వైపు కంకర తోలే టిప్పర్లన్నీ ఈ మలుపులోంచే పోతాయి. మీదకొచ్చేదాకా కనపడవు.

పొద్దున పిల్ల సగం రోడ్డు దాటింది. బ్రేకు చప్పుడుకి తలెత్తి చూస్తే పిల్ల లేదు, టిప్పరే ఉంది. ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. పంక్చర్ షాపు ముస్తాక్ దాన్ని చెయ్యి పట్టుకుని పక్కకి లాగేశాడట. అతనికి చెమటలు కారిపోతున్నాయి. ఇది మాత్రం బెల్లయిపోతుంది వదలమ్మా అంటోంది.

అంకమ్మరావు గారి భార్య జాకెట్టుకి మెడ తప్పు కోశాను. మళ్ళీ గుడ్డ కొనివ్వాలి.

జనవరి 21

మా ఆయన కోటేష్ అన్నం తింటూ, రెండు బస్తాల సిమెంటు తెచ్చి మనమే స్పీడ్ బ్రేకర్ పోసేద్దాం అన్నాడు. పక్క ఊళ్ళో అలాగే పోశారు. రోడ్లవాళ్ళు జేసీబీతో వచ్చి తవ్వేసి, పోసినవాళ్ళ మీద కేసు కూడా పెట్టారు. ఆ సంగతి గుర్తు చేస్తే, అయితే నువ్వే చెప్పు ఏం చేద్దామో అని చెయ్యి కడుక్కున్నాడు.

జనవరి 23, గురువారం

హైస్కూలు హెడ్మాస్టర్ లక్ష్మీనరసింహం గారిని కలిశాను. నెమ్మది మనిషి. మలుపుకి అటొకటి ఇటొకటి స్పీడ్ బ్రేకర్లు కావాలని ఆయన ఏడాదిగా రాస్తూనే ఉన్నారట. చూస్తామని జవాబు వస్తోందట. ఒక్కడు రాస్తే కాగితం, ఊరంతా రాస్తే అర్జీ అమ్మా అన్నారు. రాసే పని ఆయనది, సంతకాల పని నాది అనుకున్నాం. జాకెట్లు ఇవ్వడానికి ఎలాగూ ఇల్లిల్లూ తిరుగుతాను.

జనవరి 25

ఎవరూ కాదనలేదు. ఊళ్ళో అందరికంటే ఎక్కువ మిరప వేసేది అంకమ్మరావు గారు. ఆయన మాత్రం, అమ్మాయ్, అర్జీలకి లారీలు ఆగుతయ్యా అని నవ్వారు. నవ్వుతూనే అందరికంటే పెద్ద సంతకం పెట్టారు.

మా అత్తయ్య బసవమ్మ వేలిముద్ర వేస్తూ, యంత్రంలో వేస్తే పింఛనన్నా వస్తది, కాగితం మీద వేస్తే ఏమొస్తదే అంది. బ్రేకర్ వస్తుంది అత్తయ్యా అన్నాను. వచ్చినప్పుడు చూద్దాంలే అంది.

జనవరి 27, సోమవారం

గుంటూరు కలెక్టరాఫీసులో గ్రీవెన్స్‌కి వెళ్ళి అర్జీ ఇచ్చాం. బయటికి రాకముందే ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ సమస్య నమోదైంది అని. సగం పని అయిపోయినట్టే సంబరపడ్డాను. ఎంత అమాయకురాలినో.

జనవరి 31

మొదటి కోత మిరపకాయలు రోడ్డెక్కాయి. ఊరి కల్లం ఇళ్ళ స్థలాలకి పోయాక మాకు కల్లమంటే తారురోడ్డే. మలుపుకి అటూ ఇటూ సగం రోడ్డు ఎర్రగా పరుచుకుంది, అంచున వరసగా రాళ్ళు. తారు వేడికి కాయ త్వరగా ఆరుతుంది, రంగు నిలుస్తుంది. ఈ ఏడు ధర లేదు. అందుకే ఒక్క కాయకి కూడా మచ్చ పడకూడదని అందరికీ ఆరాటం.

మా కాయలు కిటికీ ఎదురుగానే. ఘాటుకి తుమ్ముతూ కుడుతున్నాను. కుట్లు వంకర పోతున్నాయి.

ఫిబ్రవరి 10, సోమవారం

మెసేజ్ తప్ప మనిషి రాలేదు. ఇవాళ పొద్దున గంటసేపు రాస్తారోకో చేశాం. గొడవేం లేదు. కాయలు లేని సగంలో కూర్చున్నాం. ఆగిన పల్లెవెలుగు బస్సు డ్రైవరు దిగి, టీ ఎక్కడ దొరుకుతుందండీ అని మమ్మల్నే అడిగాడు. ఎస్సై గారొచ్చి, రెండు రోజుల్లో రోడ్ల ఇంజనీరుని, ఏఈని పంపిస్తా, లేవండమ్మా అన్నారు. లేచాం. ఎండ కూడా మండుతోంది.

ఫిబ్రవరి 12

ఏఈ వచ్చాడు. కుర్రాడే. మలుపంతా నడిచి చూశాడు. తర్వాత కాయల పక్కన ఆగి, మీరు గంట చేసిన రాస్తారోకో సరే, సగం రోడ్డు మీద రోజుల తరబడి చేస్తున్న ఈ రాస్తారోకో మాటేంటి అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను.

పోయిన వారం అంకమ్మరావు గారి మేనల్లుడు కాయల మీద బైకు జారి మోకాళ్ళు చెక్కుకుపోయిన సంగతి కూడా అతనికి తెలుసు. కాయలు తీసేయండి, బ్రేకర్లకి ఎస్టిమేట్ వేసి పైకి పంపిస్తా అన్నాడు. తీయకపోతే రోడ్డు ఆక్రమణలో ఉందని రాయాల్సి వస్తుందట. అప్పుడు ఫైలు వెనక్కి వస్తుందట.

న్యాయంగానే అడిగాడనిపించింది.

ఫిబ్రవరి 13, గురువారం

పంచాయతీ ఆఫీసులో మీటింగు. మీటింగు కాదు, సంత.

కాయలు తీసేద్దామని నేనే ముందు లేచాను. ఎక్కడ పొయ్యమంటావమ్మాయ్, నీ కుట్టుమిషను మీద పొయ్యమంటావా అన్నారు అంకమ్మరావు గారు. అందరూ నవ్వారు. ఒళ్ళు మండింది. పిల్లల కంటే కాయలెక్కువా అనేశాను. మా ఆయన తల దించుకుని కూర్చున్నాడు. ఆయనవీ కాయలే మరి, అదీ కౌలు చేను.

ఏమీ తేలలేదు.

ఫిబ్రవరి 14

ఇంట్లో ఎవరూ మాట్లాడటం లేదు. నేను కూడా.

ఫిబ్రవరి 25, మంగళవారం

రేపు శివరాత్రి. ఇవాళ తాటిచెట్టంత ఎత్తు రంగుల ప్రభ బండి మీద కోటప్పకొండకి బయల్దేరింది. ప్రభ పోవాలంటే రోడ్డు మొత్తం కావాలి కాబట్టి, ఏటా లాగే ఎవరూ అడక్కుండానే నిన్న సాయంత్రం కాయలన్నీ ఎత్తేశారు. దేవుడికైతే తీస్తారు, పిల్లలకి తీయరు అని లోపల్లోపల ఉడికిపోయాను.

ప్రభ మలుపు దాటాక అంకమ్మరావు గారు మా గుమ్మం ముందు ఆగారు. నా వైపు చూడకుండా మా ఆయనతో, ఒరేయ్ కోటేషూ, ఎట్టాగూ తీశాంగా, ఇంక పొయ్యొద్దులేరా, పొలాల్లోనే ఆరబెట్టుకుందాం అన్నారు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

ఫిబ్రవరి 28

రోడ్డు అద్దంలా ఉంది. ఫోటో తీసి ఏఈకి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. ఎస్టిమేట్ పంపించాను, శాంక్షన్ రావాలి అని సాయంత్రం జవాబిచ్చాడు.

మార్చి 5

పొలంలో టార్పాలిన్ పట్టాల మీద పోసిన కాయలకి రాత్రి మంచు పట్టింది. అడుగు కాయలకి మచ్చలు. మా ఆయన ఒక గుప్పెడు తెచ్చి మిషన్ మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

మార్చి 8, శనివారం. పొద్దున 9

రెండో శనివారం, బడి లేదు. ఈరోజు బడి ఉండి ఉంటే అన్న ఆలోచన దగ్గరే నా బుర్ర ఆగిపోయింది.

ఇప్పుడే ఒక టిప్పర్ మలుపు తిప్పుకోలేక రోడ్డు దిగింది. ముస్తాక్ షాపు ముందున్న రేకుల పందిరిని ఊడ్చుకుంటూ పోయింది. రోజూ ఈ టైముకి పిల్లలు రోడ్డు దాటడానికి నిలబడేది ఆ పందిరి కిందే. ముస్తాక్ లోపల ట్యూబు కోస్తున్నాడు కాబట్టి బతికాడు. టిప్పర్ ఆగను కూడా ఆగలేదు.

మార్చి 8. మధ్యాహ్నం

పని సాగక కిటికీలోంచి రోడ్డునే చూస్తూ కూర్చున్నాను. చూడగా చూడగా ఒక సంగతి తట్టింది. కాయలున్నన్నాళ్ళూ టిప్పర్ల వెనక రాసినవన్నీ చదువుతూ కుట్టేదాన్ని. అమ్మ దీవెన, నన్ను చూసి ఏడవకు, ఇలాంటివి. ఇప్పుడు బండి రంగు తప్ప ఏమీ తెలియడం లేదు.

కాయలున్నప్పుడు ఉన్నది సగం రోడ్డే. ఎదురెదురుగా వస్తే ఒక బండి ఆగాల్సిందే. ఎదురు రాకపోయినా నెమ్మదిగా పోయేవి. మనిషి చెయ్యెత్తితే ఆపనివాడు కూడా పంటని తొక్కడు. పండిన పంట మీదికి బండి ఎక్కించడానికి ఎవరికీ కాలు రాదు.

అంటే ఆ నెల రోజులూ మా పిల్లని దాటించింది అర్జీ కాదు, నేను కాదు. కాయలు. వాటిని తీయించింది నేను.

మార్చి 9, ఆదివారం

చెప్పక తప్పదు కాబట్టి వెళ్ళి చెప్పాను. పంచాయతీ ఆఫీసు అరుగు మీద అందరూ ఉన్నారు. పిల్లల కంటే కాయలెక్కువా అన్న నోటితోనే, కాయలు మళ్ళీ పొయ్యండి బాబాయిగారూ అన్నాను.

అంకమ్మరావు గారు దగ్గొచ్చేదాకా నవ్వారు. తియ్యమన్నదీ నువ్వే, పొయ్యమన్నదీ నువ్వే, ఊరినంతా నీ మిషను తొక్కినట్టు తొక్కుతున్నావు గదమ్మాయ్ అన్నారు. పడ్డాను. నా వంతు అది.

లక్ష్మీనరసింహం గారికి మాత్రం మనసొప్పలేదు. తప్పుని ఇంకో తప్పుతో సరిచేస్తున్నాం కదమ్మా అన్నారు. అవునండి అన్నాను. బైకులు జారతాయి కదా అన్నారు. దానికి మాత్రం ఉపాయం ఆలోచించాం. మలుపులోనే పోయాలి, రంగు పోయిన తాలు కాయలే పోయాలి. రాళ్ళకి సున్నం కొట్టాలి. అటొకటి ఇటొకటి ఎర్రగుడ్డ కట్టిన కర్రలు పాతాలి. చివరికి ఆయనే, సున్నం బడి నుంచి ఇస్తాను అన్నారు.

మార్చి 10

అందరికంటే ముందు కాయలు తెచ్చి పోసింది మా ఆయన. తాలు కాయలు కావు. మంచివే. ఎందుకని అడిగితే, పొలంలో మచ్చలు పడుతున్నయ్‌గా అన్నాడు. ఎన్నాళ్ళకో నవ్వాడు.

అత్తయ్య కర్ర పట్టుకుని గొడుగేసుకుని కాయల దగ్గర కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు.

మార్చి 18, మంగళవారం

ఏఈ వచ్చాడు. మళ్ళీ మొదలెట్టారా అన్నాడు. మీరు బ్రేకర్లు పోసిన రోజే తీసేస్తాం సార్ అన్నాను. రూల్సు ఒప్పుకోవండి అన్నాడు. ఒప్పుకోవని మాకూ తెలుసు. అతను గొడుగు కిందున్న అత్తయ్యని, ఆగి ఆగి పోతున్న టిప్పర్లని చాలాసేపు చూశాడు. ఫోటో తీయలేదు. నేను ఇటు రాలేదనుకోండి అని జీపెక్కాడు.

ఏప్రిల్ 4

అమ్మ దీవెన. మళ్ళీ చదవగలుగుతున్నాను.

ఏప్రిల్ 23, బుధవారం

రేపట్నుంచి వేసవి సెలవులు. ఆఖరి కోత కాయలు కూడా నిన్న కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయాయి. రోడ్డు బోసిగా ఉంది. పిల్ల ఇంట్లోనే ఉంటుంది కదా, జూన్ దాకా నాకు నిద్ర పడుతుంది.

మే 20

శాంక్షన్ వచ్చిందట. టెండరు పిలవాలట. టెండరంటే మళ్ళీ మిరప కోతలప్పటికేనమ్మా అన్నారు లక్ష్మీనరసింహం గారు.

జూన్ 9, సోమవారం

గురువారం బడి తెరుస్తారు. శ్రీరమ్య కొత్త యూనిఫాం కుట్టాను. ఐదో తరగతి.

ఎండబెట్టడానికి ఊళ్ళో ఎవరి దగ్గరా ఏమీ లేదు. తాలు కాయలు కూడా అమ్మేశారు. పత్తి ఇంకా గింజ కూడా పడలేదు. అంకమ్మరావు గారు వేపగింజల కోసం మనిషిని పంపితే, అవీ ఎవరో ఏరుకుపోయారట. ముస్తాక్ ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడతానన్నాడు. కాయలు తీసేశాక మార్చి మొదట్లో కూడా అలా నిలబడ్డాడు. ఏ బండీ ఆగలేదు.

పిల్ల చెయ్యి పట్టుకుని నేనే దాటిస్తాను. దాటిస్తాను గానీ, జనవరిలో ముస్తాక్ లాగకపోతే ఏమయ్యేదో. ఆ బ్రేకు చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది. భయంగా ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

జూన్ 12, గురువారం

పొద్దున ఎనిమిదింటికి అత్తయ్య ఇంట్లో ఉన్న బొంతలన్నీ తడిపి, తీసుకెళ్ళి మలుపులో సగం రోడ్డు మీద ఆరేసింది. అంచున రాళ్ళు పెట్టింది. చూసి ఎదురింటివాళ్ళు దుప్పట్లు తెచ్చారు. అంకమ్మరావు గారు పట్టుపంచె తెచ్చారు.

టిప్పర్ ఆగింది.

శ్రీరమ్య రోడ్డు దాటింది.